వణికే చెయ్యి, వరుస తప్పే ఆలోచన

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మాది కొల్లాపూర్. పేరు చెప్పగానే చాలామందికి మామిడిపండ్లు గుర్తుకొస్తాయి. సురభివారి సంస్థానం, సోమశిల దగ్గర కృష్ణ, ఆ అవతల నల్లమల అడవి, ఇవన్నీ ఆ తర్వాతే. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన మా ఊరు 2016లో నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది గాని మా వేసవి మారలేదు. పుల్లని నాటుకాయ తోటల నుంచి దిగిందంటే చాలు, ఇంటింటా తొక్కు పెట్టే సందడి మొదలవుతుంది.

మా ఇంట్లో ఆ పనికి పెద్ద మా పెద్దత్తమ్మ. నాలుగిళ్ళకు సరిపడే తొక్కు ఆవిడ ఒక్క చేతిమీద నడిచేది. కొలతగిన్నె ఎరగదు. పిడికిలే ఆవిడకు సేరూ సోలా. అటువంటి మనిషి ఒక వేసవిలో కోసి ఆరబెట్టిన ముక్కల ముందు కూర్చుని అలాగే ఉండిపోయింది. ఉప్పు, కారం, ఆవపొడి, మెంతిపొడి, ఎల్లిగడ్డ, నూనె, అన్నీ చుట్టూ ఉన్నాయి. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే బొటనవేలూ చూపుడువేలూ ఏదో చిన్న గోళీ చుడుతున్నట్టు వాటంతట అవే ఆడుతున్నాయి. ఆఖరుకు ఎలాగో కలిపింది. నెల తిరక్కుండానే ఒక జాడీ బూజు పట్టింది. రెండోది నోట పెట్టలేనంత ఉప్పు. ఒకదానికి ఉప్పు వెయ్యనే లేదు, రెండోదానికి రెండుసార్లు వేసింది.

"అన్నీ తెలుసు బిడ్డా, ఏది ముందు ఏది ఎనక అనేదే దొరుకుతలేదు" అంది.

మేం వినిపించుకోలేదు. వయసు అన్నారు ఒకరు. పని తప్పించుకోవడం అన్నారు ఇంకొకరు. కోడళ్ళ మీద కోపంతో కావాలనే చేసిందని కూడా ఇంట్లో ఒక మాట పుట్టింది. ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఈవేళ ఈ ప్రసంగం.

కొన్ని నెలల తర్వాత వణుకు ఎక్కువై డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. కంపవాతం, ఇంగ్లీషువాళ్ళు పార్కిన్సన్ వ్యాధి అంటారని చెప్పారు. చెయ్యి సంగతి, నడక సంగతి అన్నీ చెప్పాం. తొక్కు సంగతి మాత్రం చెప్పలేదు. అది రోగం కాదు, తప్పు అని మా లెక్క. వణికే చేతికీ తప్పిన ఉప్పుకీ సంబంధం ఉంటుందని మాకు తోచనే లేదు.

మాకు తోచకపోవడంలో వింత లేదు. మహామహా వైద్యులకే ఆ సంబంధం అంతుపట్టడానికి నూటయాభై ఏండ్లకు పైగా పట్టింది. ఆ కథే నేను ఇప్పుడు చెప్పబోతున్నది.

ముందు మన పాతకాలం సంగతి. ఒళ్ళు వణికే జబ్బును మన ఆయుర్వేదం వాతరోగాల్లో చేర్చింది. కంపవాతం అనే మాట అక్కడిదే. కపికచ్ఛు అనీ ఆత్మగుప్త అనీ ఆ శాస్త్రం పేర్కొనే తీగను మనం దూలగొండి అంటాం, కొన్ని ఊళ్ళలో దురదగొండి అంటారు. నల్లమల అంచున పశువులు కాసిన ప్రతి పిల్లవాడికీ అది తెలుసు. కాయ మీది నూగు తగిలిందా, సాయంత్రం దాకా గోక్కోవలసిందే. ఆ తీగను గుర్తుంచుకోండి, కథ మధ్యలో మళ్ళీ వస్తుంది.

ఇక లండన్ వెళ్దాం. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు వణుకుడు పక్షవాతం మీద ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అప్పటికాయన వయసు అరవై దాటింది. పేదల పక్షాన రాజకీయ కరపత్రాలు రాసి అధికారుల విచారణకు కూడా నిలబడ్డ మనిషి. పుస్తకానికి ఆధారం ఆరుగురు రోగులు మాత్రమే. వాళ్ళలో కొందరిని ఆయన పరీక్ష చెయ్యలేదు, వీధిలో నడిచిపోతుంటే చూశాడు, ఆపి మాట్లాడాడు. ఊరికే ఉన్నప్పుడు చెయ్యి వణకడం, నడుం ముందుకు వంగడం, నడక మొదలుపెడితే పరుగులోకి దిగిపోవడం, ఇవన్నీ ఆ వీధిచూపుతోనే ఎంత సరిగ్గా రాశాడో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. కాని ఆ రోగాన్ని నిర్వచిస్తూ చివర ఒక మాట చేర్చాడు. ఇంద్రియాలకూ బుద్ధికీ ఏ లోపమూ రాదని.

ఆ ఒక్క మాట శతాబ్దం దాటి నిలిచిపోయింది. పుస్తకం నుంచి పుస్తకానికి పాకింది. చెయ్యి చెడినా బుద్ధి చెడదు అంటే వినడానికి రోగికి ఊరటగానే ఉంటుంది. కాని దానికి రెండోవైపు ఒకటుంది చూడండి. బుద్ధి బాగానే ఉంది కనక, పని తప్పితే అది బద్ధకమో మొండితనమో అయి ఉండాలి! మా ఇంట్లో మేం వేసిన లెక్క కూడా అదే. పార్కిన్సన్ పుస్తకం చదవకుండానే వేశాం.

ఈ మాటను మొదట సందేహించింది పారిస్‌లో. అక్కడ సాల్పెత్రియేర్ అనే పెద్ద ఆస్పత్రి ఉంది. తుపాకిమందు తయారుచేసే చోటులో వెలిసి, పేద ఆడవాళ్ళకూ, ముసలివాళ్ళకూ, దిక్కులేనివాళ్ళకూ ఆశ్రయంగా మారింది. వేలకొద్దీ స్త్రీలు ఏళ్ళ తరబడి అక్కడే ఉండేవారు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో జాఁ మార్తాఁ షార్కో అనే డాక్టరు ఆ వార్డుల్లో కూర్చుని వాళ్ళను పరిశీలించాడు. నాడీవైద్యమనే శాస్త్రంలో సగం ఆ పేరులేని ముసలమ్మల మంచాల పక్కన పుట్టిందంటే అతిశయోక్తి కాదు. ఈ జబ్బుకు వణుకు ఒక్కటే గుర్తు కాదనీ, కండరాల బిగుతూ కదలికల మందకొడితనమూ వేరే లక్షణాలనీ షార్కో చెప్పాడు. పార్కిన్సన్ పేరు ఈ జబ్బుకు పెట్టింది కూడా ఆయనే. 1860ల మొదట్లో వ్యుల్పియాన్ అనే సహచరుడితో కలిసి రాస్తూ, ఈ రోగుల్లో మానసిక శక్తులు కూడా దెబ్బతింటాయన్నాడు. ఏళ్ళ తరబడి ఒకే మనిషిని చూస్తే గదా అటువంటివి తెలిసేది! అయినా ఆ సందేహం అక్కడే ఆగింది. ఎందుకు దెబ్బతింటాయో చూపించే సాధనం అప్పుడు లేదు.

జబ్బు మెదడులో ఎక్కడుందో తేలడానికి 1919 దాకా ఆగవలసివచ్చింది. మెదడు కాండం పైభాగంలో నల్లటి చార ఒకటుంది. దాన్ని నల్ల పదార్థం అంటారు. పార్కిన్సన్ రోగుల్లో అక్కడి నాడీకణాలు నశించి ఆ చార వెలిసిపోతోందని ట్రెట్యాకాఫ్ అనే యువవైద్యుడు పారిస్‌లో తన పరిశోధన వ్యాసంలో చూపాడు. చోటు తెలిసింది. ఆ కణాలు చేసే పనేమిటో తెలియలేదు.

అది తెలియడానికి తోడ్పడ్డవి రెండు మొక్కలు. రెండూ మన అడవుల్లో ఉన్నవే.

మొదటిది సర్పగంధి. పిచ్చికీ నిద్రలేమికీ మన పల్లెల్లో దాని వేరు వాడేవారు. రక్తపోటుకు అది పనిచేస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో రాస్తే ప్రపంచం చూపు దానిమీద పడింది. 1952లో స్విట్జర్లండులో దాని నుంచి రిసర్పిన్ అనే మందు తీశారు. ఆ మందు వాడిన వాళ్ళలో కొందరికి చెయ్యి వణకడం, ఒళ్ళు బిగుసుకోవడం మొదలైంది. అచ్చం పార్కిన్సన్ లాగే!

రెండోది మన దూలగొండి. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాని గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేసి ప్రకటించారు. ఐరోపాలో 1913లోనే ఒక రకం చిక్కుడు నుంచి ఇదే పదార్థం తీశారు గాని, దానితో ఏం చెయ్యాలో ఇక్కడా అక్కడా ఎవరికీ తెలియదు.

ఈ రెండింటినీ ఒకచోట చేర్చింది స్వీడన్ దేశస్థుడు ఆర్విడ్ కార్ల్‌సన్. 1957లో ఆయన కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వేలాడేసి కదలకుండా పడిపోయాయి. తర్వాత ఎల్-డోపా ఎక్కించాడు. కాసేపట్లో లేచి తిరగసాగాయి. ఎల్-డోపా మెదడులోకి పోయి డోపమిన్ అనే రసాయనంగా మారుతుంది. కదలికకు ఆ డోపమిన్ అవసరమని ఆయన వాదన. ఈ కృషికి 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్, ఎరింగర్ కలిసి, చనిపోయిన పార్కిన్సన్ రోగుల మెదళ్ళను పరీక్షించి వాటిలో డోపమిన్ బాగా తగ్గిపోయి ఉందని చూపారు. నల్ల పదార్థం కణాలు తయారుచేసేది అదే. 1967లో అమెరికాలో జార్జి కొట్జియాస్ నోటిద్వారా డోపా ఇస్తూ మెల్లమెల్లగా మోతాదు పెంచి, కదలలేని రోగులను నడిపించాడు. ఈనాటికీ ఈ జబ్బుకు ముఖ్యమైన మందు ఎల్-డోపాయే, దాన్నే లెవొడోపా అంటారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యకపోతే తప్పవుతుంది. ఈ మాట విని ఎవరూ దూలగొండి గింజలు దంచి పెద్దవాళ్ళకు పెట్టకండి. ఏ గింజలో ఎంత మందుందో మన రోలుకు తెలియదు. ఎక్కువైతే వాంతులు, రక్తపోటు పడిపోవడం, లేనిపోనివి కళ్ళకు కనబడడం కూడా ఉంటాయి. డాక్టరిచ్చే మాత్రతో కలిస్తే మరీ చిక్కు.

సరే, చేతులు ఆడాయి, కాళ్ళు కదిలాయి. అప్పుడే గదా, ఇంకా కదలనిదేదో ఉందని తెలిసేది! రోగులు నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు, జ్ఞాపకం బాగానే ఉంది. పాత పెళ్ళిళ్ళూ పేరంటాలూ పూసగుచ్చినట్టు చెప్తున్నారు. కాని నాలుగు పనులు ఒక వరుసలో చెయ్యమంటే తడబడుతున్నారు.

ఈ వరుసపెట్టే శక్తికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరును మనం కార్యనిర్వాహక శక్తి అనుకుందాం. పేరు చూసి జంకకండి. పెండ్లి ఇంట్లో పెత్తనం చేసే పెద్దమ్మను తలుచుకోండి. ఆవిడ గరిటె పట్టదు, పందిరి వెయ్యదు. కాని ఏ పొయ్యి మీద ఏది ముందెక్కాలో, ఎవరిని ఎప్పుడు పిలవాలో, వాన వస్తే ఏం చెయ్యాలో, తొందరపడి విస్తళ్ళు వేస్తున్న పిల్లవాణ్ణి ఎక్కడ ఆపాలో ఆవిడకే తెలుసు. మన తలలో కూడా అటువంటి పెద్దమ్మ ఒకావిడ ఉంది. చెయ్యబోయేది మనసులో నిలుపుకోవడం, ఒక పని నుంచి ఇంకో పనికి మళ్ళడం, తొందరను ఆపుకోవడం, ఇవి ఆవిడ పనులు. ఆవిడ ఉండే ఇల్లు ముఖ్యంగా మన నుదుటి వెనక భాగం.

ఈ శక్తిని కొలవడానికి పరీక్షలు పుట్టాయి. 1935లో స్ట్రూప్ అనే అమెరికన్ ఒకటి తయారుచేశాడు. ఎరుపు అనే మాటను ఆకుపచ్చ సిరాతో రాస్తారు. మాట చదవకుండా సిరా రంగు చెప్పాలి. ఇంట్లో పిల్లల చేత చేయించి చూడండి, నాలుక ఎంత మొండికేస్తుందో! 1948లో ఇంకొకటి వచ్చింది, చీట్లు విడదీసే పరీక్ష. చీట్ల మీద బొమ్మలుంటాయి. రంగును బట్టి పేర్చాలా, ఆకారాన్ని బట్టా, లెక్కను బట్టా అన్నది చెప్పరు. సరే, కాదు అనే జవాబును బట్టి మనమే పోల్చుకోవాలి. పోల్చుకున్నాక చెప్పాపెట్టకుండా నియమం మార్చేస్తారు. మనం కూడా మారాలి. నుదుటి వెనక భాగంలో శస్త్రచికిత్స జరిగినవాళ్ళు మారలేక పాత నియమాన్నే పట్టుకు వేళ్ళాడుతున్నారని కెనడాలోని మాంట్రియల్‌లో బ్రెండా మిల్నర్ అనే శాస్త్రజ్ఞురాలు 1963లో చూపించింది. తప్పని తెలిసీ మారలేకపోవడం! మనం మొండితనం అనేది సరిగ్గా దీన్నే.

1983లో లండన్‌లో ఆండ్రూ లీస్, ఎలీన్ స్మిత్ ఇటువంటి పరీక్షలను తొలిదశలో ఉన్న పార్కిన్సన్ రోగులకు పెట్టారు. వాళ్ళ తెలివితేటలు మామూలుగానే ఉన్నాయి, వణుకూ బిగుతూ తక్కువే. అయినా నియమం మారినప్పుడు వాళ్ళూ పాతదానికే అంటుకుపోయారు. 1986లో టొరాంటో నుంచి వచ్చిన పరిశోధన కూడా అదే దారిలో ఉంది. పార్కిన్సన్ చెప్పిన ఆఖరి మాట సరికాదని ఈసారి కొలతలతో తేలింది.

మరి జబ్బు నల్ల పదార్థంలో గదా, తడబాటు నుదుటి వెనక పనిలో ఎందుకు? దీనికి జవాబు కూడా 1986లోనే వచ్చింది. అలెగ్జాండర్, డిలాంగ్, స్ట్రిక్ అనే ముగ్గురు అమెరికన్లు ఒక చిత్రం గీసి చూపారు. మెదడు లోతున ఉన్న నాడీకణాల గుంపులకూ నుదుటి వెనక భాగానికీ మధ్య ఒకటి కాదు, పక్కపక్కనే నడిచే అయిదు చుట్టుదారులున్నాయన్నారు. ఒకటి ఒంటి కదలికది. ఒకటి కంటిచూపును తిప్పేది. తక్కిన మూడూ పథకం, నిగ్రహం, ప్రేరణ వంటి మనసు పనులవి.

మా కొల్లాపూర్ వాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. మా దగ్గర ఎల్లూరులో కృష్ణ నీళ్ళను ఎత్తిపోసి కాలవలకు వదులుతారు. అక్కడ ఎత్తిపోత తగ్గిందనుకోండి, ఒక్క కాలవే ఎండదు. ఒకదాని తర్వాత ఒకటిగా అన్నిటికీ నీళ్ళు తగ్గుతాయి. డోపమిన్ అటువంటి నీరు. కదలిక చేనుకు ముందు తగ్గుతుంది, మనకు పైకి కనిపించేది అదే. ఆలోచన చేనుకు నీళ్ళు తగ్గడం గట్టుమీద నిలబడ్డవాళ్ళకు కనబడదు.

కనబడనిదాన్ని చూపే యంత్రాలు కూడా వచ్చాయి. 1929లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడు విద్యుత్తు లయను కాగితం మీద గీయించి ప్రకటించాడు. 1990లో సెయిజి ఒగావా అనే శాస్త్రజ్ఞుడు, మెదడులో పని జరిగే చోట రక్తంలోని ప్రాణవాయువు మారడాన్ని అయస్కాంత యంత్రంతో పట్టుకోవచ్చని చూపాడు. తలకు కత్తి తగలకుండా, మనిషి ఆలోచిస్తుండగానే మెదడు పనిని చూడడానికి అది ఒక దారి వేసింది. 2003లో కేంబ్రిడ్జి పరిశోధకులు తొలిదశ పార్కిన్సన్ రోగులను రెండు జట్లు చేసి ఈ యంత్రంలో చూశారు. కార్యనిర్వాహక శక్తిలో తడబాటు ఉన్నవాళ్ళు ఒక జట్టు, లేనివాళ్ళు ఇంకొకటి. మనసులో ఒక వరుసను నిలుపుకుని సర్దవలసిన పని ఇస్తే, మొదటి జట్టువారిలో నుదుటి వెనక భాగమూ, దానికి జతగా పనిచేసే లోతు భాగమూ తక్కువగా స్పందించాయి. రెండో జట్టులో అలా లేదు. దీన్నిబట్టి రెండు సంగతులు గ్రహించాలి. ఈ తడబాటు నిజమైనది, మెదడులో దానికి గుర్తుంది. రెండోది, ఈ జబ్బు వచ్చిన ప్రతివారికీ ఇది మొదట్లోనే రావాలని లేదు.

మందు వేస్తే ఈ తడబాటు పోతుందా అని మీరు అడగవచ్చు. కొంత పోతుంది, కొంత కొత్తగా వస్తుంది. 2001లో కేంబ్రిడ్జిలోనే రోషన్ కూల్స్ బృందం చేసిన పరిశోధనలో, లెవొడోపా వేసుకున్నప్పుడు రోగులు ఒక పని నుంచి ఇంకోదానికి బాగా మళ్ళగలిగారు. కాని లాభనష్టాలు తూచి పందెం కాయవలసిన పనిలో తొందరపడ్డారు. మళ్ళీ కాలవల దగ్గరికే వద్దాం. ఎండిన చేనుకోసం తూము ఎత్తితే, అప్పటికే తడిగా ఉన్న చేను మునుగుతుంది. డోపమిన్ జాతి మందులు వాడే కొందరిలో జూదం, అదుపులేని కొనుగోళ్ళు, అతి తిండి వంటివి బయలుదేరడం వైద్యులు గమనించారు. నలుగురికీ చెప్పుకోలేని ఇటువంటి మార్పు ఇంట్లో కనిపిస్తే, గుణం చెడిందని దాచుకోకండి. మందు ఇచ్చిన డాక్టరుతో చెప్పండి. మోతాదు మారిస్తే సర్దుకునే అవకాశం ఉంది.

కదలికకూ నిర్ణయానికీ ఒకే పగ్గం ఉందని చూపిన ఇంకొక సంగతి. 1987లో ఫ్రాన్సులో బెనబీద్ అనే శస్త్రవైద్యుడు మెదడు లోతున సన్నని తీగ పెట్టి విద్యుత్తుతో వణుకు ఆపే పద్ధతి మొదలుపెట్టాడు. తర్వాత అటువంటి తీగ పెట్టించుకున్న పార్కిన్సన్ రోగులను 2007లో మైకేల్ ఫ్రాంక్ బృందం పరీక్షించింది. రెండూ సమానంగా తోచే వస్తువుల్లో ఒకటి ఎంచుకోమంటే ఎవరైనా కాస్త ఆగుతారు. తీగలో విద్యుత్తు నడుస్తున్నప్పుడు వీళ్ళు ఆ ఆగడం ఆగలేదు. చేతికి పట్టేసిన పగ్గం సడలిస్తే, ఆలోచనకు అవసరమైన పగ్గం కూడా సడలిందన్నమాట.

ఇంతదాకా పరదేశాల మాటే చెప్పాను. మన హైదరాబాదు కూడా ఈ కథలో ఉంది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, సహచరులు మతిమరుపు జబ్బులతో వచ్చిన 648 మంది వివరాలను పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించారు. వాళ్ళలో 391 మంది రెండు లేక అంతకన్న ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష తెలిసినవారి కంటే వీరికి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వారిలో కూడా ఈ తేడా కనబడడం విశేషం. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, రోజుకు పదిసార్లు భాష మార్చే మనిషి తలలోని పెద్దమ్మకు ఆ మార్చడమే సాధకం అని వారి ఊహ. ఇది పార్కిన్సన్ మీద చేసిన పరిశోధన కాదు, ఆ మాట తేల్చి చెప్పాలి. రెండు భాషలు వస్తే వణుకు రాదని ఎవరూ అనుకోవద్దు. కాని వరుసపెట్టే శక్తిని మన భాషల మధ్య, మన జనం మధ్య వెతకవచ్చునని అది చూపింది. స్ట్రూప్ పరీక్ష అక్షరం వచ్చినవాళ్ళకే గదా! అక్షరం రాని పెద్దత్తమ్మల ఆలోచనను కొలవాలంటే మనదైన కొలత కావాలి.

ఆ సంస్థలోని డాక్టర్ రూపం బొర్గోహైన్ నాయకత్వంలో సాఫినమైడ్ అనే మందు మీద జరిగిన పరీక్ష ఫలితం 2014లో వెలువడింది. భారతదేశం, ఇటలీ, రుమేనియాల్లో 669 మంది పార్కిన్సన్ రోగులు పాల్గొన్నారు. లెవొడోపాకు దీన్ని జోడిస్తే రోజులో మనిషి బాగా కదలగలిగే సమయం పెరిగింది. ఐరోపా, అమెరికా దేశాలు ఆ తర్వాత ఆ మందును ఆమోదించాయి. ఇక్కడివారి ఓపిక కూడా అందులో ఉంది.

ఇప్పుడు ఇంటికి వద్దాం. ఈ రెండువందల ఏండ్ల చరిత్ర మన వంటింటికి ఏం చెప్తుంది?

మొదటిది, డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు చెయ్యి సంగతితోపాటు తొక్కు సంగతి కూడా చెప్పండి. వంటలో వరుస తప్పుతున్నదా, డబ్బు లెక్క కుదరడం లేదా, మొదలుపెట్టిన పని మధ్యలో ఆగిపోతున్నదా, అన్నీ లక్షణాలే. అలాగని ప్రతి వణుకూ పార్కిన్సన్ కాదు. గ్లాసు ఎత్తేటప్పుడు, సంతకం పెట్టేటప్పుడు మాత్రమే వచ్చే వణుకు వేరే రకం కావచ్చు. తేల్చవలసింది వైద్యులే.

రెండోది, ఒకేసారి రెండు పనులు చెప్పకండి. నడుస్తున్న మనిషిని వెనకనుంచి పలకరించి లెక్కలు అడగకండి. మనకు నడక దానంతటదే నడుస్తుంది, వాళ్ళకు ప్రతి అడుగూ ఆలోచించి వెయ్యవలసిన పని. మాటమీదికి ధ్యాస పోతే కాలు ఆగుతుంది, పడిపోతారు.

మూడోది, లోపల తప్పిన వరుసను బయట పెట్టండి. గడప దగ్గర కాళ్ళు అతుక్కుపోయేవారికి నేలమీద అడ్డంగా గీతలు గీస్తే, ఆ గీతలు దాటుతూ నడవగలుగుతారని వైద్యులు ఏనాడో గమనించారు. ముగ్గుపిండి మన ఇంట్లోనే ఉంది గదా! తోవ చూపే గీత కంటికి కనిపిస్తే, లోపలి తోవ మీద అంత భారం పడదు.

నాలుగోది, మందు వేళ తప్పనివ్వకండి. పండగనో ప్రయాణమనో ఉన్నట్టుండి మానెయ్యడం ప్రమాదం. అన్నానికి ఎంత ముందు వెయ్యాలో అడిగి తెలుసుకోండి. పప్పు, పాలు, మాంసం వంటివాటితో కలిస్తే కొందరికి మందు సరిగా ఒంటబట్టదు.

మరుసటి వేసవికి ఇదంతా నాకు కొంత తెలిసింది. ముక్కలు కోసి ఆరబెట్టాం. ఈసారి గిన్నెలు చుట్టూ పెట్టలేదు. పెద్దత్తమ్మ ముందు ఎడమనుంచి కుడికి వరుసగా పెట్టాను. ఉప్పు, కారం, ఆవపొడి, మెంతిపొడి, ఎల్లిగడ్డ, నూనె. ఒక గిన్నె అయిపోగానే దాన్ని బోర్లించాలి. బోర్లించిన గిన్నె జోలికి మళ్ళీ పోకూడదు, అంతే నియమం. మాత్ర వేసుకున్నాక చెయ్యి నెమ్మదించే వేళ చూసి కూర్చున్నాం. ఎవరినీ మాట్లాడవద్దన్నాను. పిడికిలితో ఎత్తి ఎంత వెయ్యాలో ఆవిడే వేసింది. ఆ కొలత ఆవిడ చేతినుంచి పోలేదు. పోయింది వరుస ఒక్కటే, దాన్ని గిన్నెలు చూసుకున్నాయి. ఆ ఏడాది జాడీ బాగానే వచ్చింది.

చేతులు కడుక్కుంటుండగా, పోయినేడు తిట్టినందుకు మనసులో పెట్టుకోవద్దని అడిగాను. ఆవిడ కాసేపు ఆగి అంది: "తిడితే తిడితివి బిడ్డా. ఉప్పెందుకు తప్పిందని నన్నెవరూ అడగకపోతిరి."

ఆవిడ అన్నమాటకు నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో కూడా పని తప్పుతున్న పెద్దలు ఉంటే, తప్పు లెక్కపెట్టేముందు దగ్గర కూర్చుని ఆ ఒక్క ప్రశ్న అడగండి.